ఆ గడిలో ఇంకొకరి పేరు

"ఇల్లు మేం చూసుకుంటాం, నువ్వు హాయిగా రెస్టు తీసుకో" అన్నాడు భర్త, ఆస్పత్రి మంచం పక్కన నిలబడి. 'మేం' అంటే ఎవరో ఆమె అప్పుడు అడగలేదు. అడగాల్సింది. పద్దెనిమిదేళ్లుగా బస్సు డిపోలో డ్యూటీ చార్టులు రాస్తున్న మనిషి. ఒకరికి రెస్టు పెడితే ఆ గడిలో ఇంకొకరి పేరు రాయందే బస్సు కదలదని ఆమెకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? డ్రైవర్లందరూ చార్టమ్మా అని పిలిచేది అందుకే కదా. తన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ సంగతే మరిచిపోయింది. దీపం కిందే చీకటి అని ఊరికే అన్నారా?

ఆ ఏడాది ఆ ఇంట్లో మారనిదంటూ లేదు. మొదట అత్తగారు మోకాళ్ల నొప్పులతో, రెండు పెట్టెలతో వచ్చి ముందుగదిలో స్థిరపడింది. భర్తకి ఆఫీసులో హోదా పెరిగింది, దాంతోపాటు ఇంట్లో కుర్చీలోంచి లేవడం తగ్గింది. పద్నాలుగేళ్ల కొడుక్కి గొంతు మారింది. మారితే మారింది, ఆ కొత్త గొంతులోంచి "నా టవలేది?", "ఇంకా కాలేదా?" అని అచ్చం వాళ్ల నాన్న మాటలే రావడం మొదలైంది. పదహారేళ్ల కూతురు, అందరూ పెద్దది అని పిలిచే పిల్ల, బడి చదువు ముగించి ఆరు గంటల దూరంలో ఉన్న హాస్టల్ కాలేజీలో సైన్సు సీటు తెచ్చుకుంది. ఆ కబురు వచ్చిన రోజు మేడమెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగింది.

ఇన్ని మార్పుల మధ్య, ఏడాది పొడుగునా రక్తం పోతున్నా "ఫర్వాలేదులే, నేను చూసుకుంటా" అంటూ తిరిగిన ఆమె, ఒక మధ్యాహ్నం డిపో మెట్ల మీద కూలిపోయింది. గర్భసంచి తీసేశారు. మూడు నెలలు వంగకూడదు, బరువెత్తకూడదు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "రద్దీ రోజుల్లో పెట్టుకున్నారేంటమ్మా ఆపరేషను, రెండు నెలలు ఆగాల్సింది" అన్నాడు డిపో మేనేజరు ఫోన్లో. ఆగమని గర్భసంచికి నచ్చజెప్పడం ఆమెకి చేతకాలేదు మరి.

మొదటి నెల ఆమెకి స్వర్గమే. దాచడమెందుకు, ఎంతో బాగుండింది. కళ్లు తెరిచేసరికి టీ. పదింటికి మందులు, పక్కన నీళ్లు. మధ్యాహ్నం వేడి అన్నం. సాయంత్రానికి చేతులు లోపలికి మడిచి, మడత నలగకుండా అలమరలోకి చేరిన చొక్కాలు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ అడక్కుండానే అన్నీ మంచం దగ్గరికి వస్తున్నాయి. "చూశావా, నువ్వు లేకపోయినా ఇల్లెలా నడుస్తోందో!" అన్నాడు భర్త మురిసిపోతూ. ఆ మాట ముల్లులా గుచ్చుకున్నా, పోనీలే, ఇన్నాళ్లకి వీళ్లకి పని తెలిసింది అనుకుని పక్కకి తిరిగి పడుకుంది. ఎవరు చేస్తున్నారని లేచి చూడలేదు. చూడ్డం ఇష్టంలేకే చూడలేదేమో కూడా. ఆ సుఖం అలాంటిది.

రెండో నెలలో ఒకరోజు ఆమెకి ఏదో లోటుగా తోచింది. ఏమిటా అని చాలాసేపు ఆలోచిస్తే తెలిసింది, పెద్దదాని చప్పుడు లేదు. స్నానాలగదిలో శ్రుతి లేని పాటలు పాడేది. తలుపులు ధడాలున వేసేది. తమ్ముడితో పోట్లాడితే వీధి చివరిదాకా వినిపించేది. ఇప్పుడు ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తోంది గానీ ఆ పిల్ల అడుగు మాత్రం వినిపించడం లేదు. అన్నం తిన్నావా అంటే "తర్వాత తింటాలే" అంటోంది. అంతలో కొడుకు పక్కగదిలోంచి "నా నీలం చొక్కా ఏది? ఇస్త్రీ చెయ్యలేదా?" అని అరిచాడు. వంటింట్లోంచి కోపం లేని, తొందర లేని గొంతు వచ్చింది. "ఫర్వాలేదులే, నేను చూసుకుంటా."

ఆ మాట తనే అన్నాననుకుంది ఆమె. ఆ సాగదీత తనది, చివర ఆ అలసట తనది.

"తల్లి చాలు పిల్లకు తప్పదంటారు" అంది అత్తగారు, మందుల డబ్బా అందిస్తూ. "నీకంటే నయం అమ్మాయ్. నీకు చెబితే చేసేదానివి, దీనికి చెప్పక్కర్లేదు. నోట్లో నాలుక లేని పిల్ల." నోట్లో నాలుక లేనిది ఆ పిల్లకా? నిరుడు ఇదే నాన్నమ్మతో పొట్టి జుట్టు గురించి గంటసేపు వాదించి గెలిచిన పిల్లకా?

ఆ రోజంతా ఆమెకి ఒక డ్రైవరు గుర్తొస్తూనే ఉన్నాడు. ఏ డ్యూటీ చెప్పినా "సరేనన్నా" అనడమే తప్ప కాదనడం ఎరగడని అతన్ని డిపోలో సరేనన్న అనే పిలిచేవాళ్లు. ఎవరు సెలవు పెట్టినా చార్టులో ముందు రాసే పేరు అతనిదే. రాసింది ఆమే. రెండు డ్యూటీల మధ్య ఎనిమిది గంటలు వదలాలని నిబంధన. అతను అడగడు కదా అని ఆరుకి, ఆ తర్వాత నాలుగుకి దించింది. ఒకరోజు పట్టపగలు అతను ఏడు స్టాపులు ఆపకుండా బస్సుని తీసుకెళ్లిపోయాడు. జనం అరిచారు, కండక్టరు గంట కొట్టి కొట్టి అలిసిపోయాడు. ఊరి చివర ఒక గోడకి తగిలి ఆగింది బస్సు. ఎవరికీ ఏమీ కాలేదు. "నిద్రపోలేదు చార్టమ్మా, కళ్లు తెరిచే ఉన్నాను" అన్నాడతను తర్వాత, తన చేతుల్ని తనే వింతగా చూసుకుంటూ. అతని ఉద్యోగం పోయింది. చార్టు రాసినామెని ఒక్కరూ ఒక్క మాట అడగలేదు.

మర్నాడు పొద్దున గోడ పట్టుకుని, మెల్లగా వంటింటిదాకా నడిచింది. పెద్దది పొయ్యి ముందు నిలబడి ఉంది, చేతిలో గరిటె, చూపు గిన్నె మీద. స్వెటరు చేతి అంచు మంటకి తగిలి సన్నగా పొగ లేస్తోంది. "ఏయ్!" అని అరిచింది ఆమె. పిల్ల కదల్లేదు. మళ్లీ అరిచింది. గిన్నెలోకే చూస్తోంది, రెప్ప కూడా వెయ్యడం లేదు. పొట్టలో కుట్లు కలుక్కుమన్నా లెక్కచెయ్యక ఒక్క అంగలో వెళ్లి జబ్బ పట్టి లాగింది, తడిగుడ్డ అదిమింది. జానెడు ఉన్ని కాలిపోయి, కింద చర్మం ఎర్రగా కమిలింది.

పెద్దది అప్పుడు చూసింది తల్లిని. "నువ్వెందుకు లేచావమ్మా?" అంది. తర్వాత చెయ్యి చూసుకుంది. "ఫర్వాలేదులే. నాన్నకి టీ ఆలస్యమవుతుంది, కాస్త పక్కకి జరుగు."

తన గడిలో ఎవరి పేరు రాసిపెట్టి తను నిద్రపోతోందో ఆమెకి అప్పుడు అర్థమైంది.

పదకొండింటికి ఫోను మోగింది. హాస్టల్ కాలేజీ గుమాస్తా. "మీ అమ్మాయి సీటు వద్దని ఉత్తరం పంపిందండీ. కింద తల్లిదండ్రుల సంతకం లేదు, అందుకని అడుగుతున్నా. ఈ శుక్రవారం సాయంత్రంలోపు చేరకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తాం." ఆ రోజు ఆదివారం కాబోలు అనుకుని చూసుకుంటే సోమవారం. మంచం మీద రోజులు కూడా కలిసిపోయాయి.

"ఎవరు రాయమన్నారు?" అని అడిగింది కూతుర్ని.

"ఎవరూ అన్లేదమ్మా, నేనే" అంది పెద్దది, బట్టలు మడతపెడుతూ. "నేను వెళ్తే నీకెవరు చేస్తారు? ఇక్కడ కూడా కాలేజీలున్నాయిగా. నాన్న ఏమీ అన్లేదు తెలుసా. నువ్వు లేకపోతే ఈ ఇల్లేమైపోతుందో తల్లీ అన్నాడు, అంతే." ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. "నాన్నమ్మయితే వచ్చినవాళ్లందరికీ నా గురించే చెబుతోంది. బడిలో ఫస్టొచ్చినప్పుడు కూడా నన్నెవరూ ఇంత మెచ్చుకోలేదు."

ఆమె కోప్పడింది. బతిమాలింది. ఆరు గంటల బస్సు ప్రయాణం ఎంతసేపని చెప్పింది. పెద్దది అన్నిటికీ నవ్వింది. "నాకిది ఇష్టమేనమ్మా" అంది చివరికి.

ఇష్టమేనన్న ఆ మాటకే ఆమెకి వణుకు పుట్టింది. బలవంతంగా కట్టేస్తే ముడి ఎక్కడుందో వెతకొచ్చు, విప్పొచ్చు. తనంతట తానే వెళ్లి గుంజకి ఆనుకుని నిలబడ్డ పిల్లని ఏం చెయ్యాలి? తను కూడా పంతొమ్మిదేళ్లప్పుడు సాయంత్రం కాలేజీ మానేస్తూ స్నేహితురాలితో ఇదే మాట చెప్పింది. నాకు ఇంట్లో ఉండటమే ఇష్టమే, అని. ఆ స్నేహితురాలు నమ్మింది.

"నేనేమైనా బలవంతం చేశానా?" అన్నాడు భర్త, అడిగితే. "దాని ఇష్టం అది. అయినా పోయేది ఒక్క ఏడాదే కదా, వచ్చే ఏడు చేరొచ్చు, కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది." అతను చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే పిల్లే తిరగబడేది.

మంగళవారం పొద్దున ఆమె పిల్లకంటే ముందు లేచింది. తను పనిలో దిగితే పిల్లకి ఇక్కడ పనేముంటుంది? నీళ్లగిన్నె ఎత్తి పొయ్యి మీద పెట్టబోయింది. పొట్టలో ఎవరో పిడికిలితో మెలితిప్పినట్టయి గట్టు పట్టుకుని వంగిపోయింది. పెద్దది పరుగెత్తుకొచ్చి గిన్నె అందుకుంది, భుజం పట్టి నడిపించి పడుకోబెట్టింది, దుప్పటి కప్పింది. "ఇంకోసారి లేస్తే ఊరుకోను" అని నుదుటి మీద ముద్దు పెట్టింది. తను ఎంత పడిపోతే ఈ పిల్ల అంతగా అతుక్కుంటుంది. ప్రేమతో ఈ పిల్లని కదల్చడం తన వల్ల కాదు. ప్రేమే దీన్ని ఇక్కడ కట్టేసింది.

పైకప్పు చూస్తూ చీకటి పడేదాకా పడుకుంది. ఇంక ఒక్క దారే ఉంది.

రాత్రి భోజనానికి అందరితోపాటు బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. కూర నిజంగా బాగుంది. తన చేతి వంటకంటే బాగుంది. "అమృతం" అన్నాడు భర్త. పెద్దది తల్లి వైపు చూసింది, తల్లి ఏమంటుందోనని. ఆమె ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని కంచం ముందుకి నెట్టేసింది.

"ఉప్పెక్కడేశావు, గిన్నెలోనా గాల్లోనా?"

పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. "సరిపోలేదా అమ్మా?"

"ఏదని సరిపోయింది? ఇది కూరా, కుడితా? కుక్క కూడా మూతి పెట్టదు. రెండు నెలల్నుంచీ గొంతు దిగకపోయినా మింగుతున్నా. చేతికి పని రానిదానివి ఎందుకొచ్చావు వంటింట్లోకి?"

వెతుక్కోకుండానే నోటికొస్తున్నాయి మాటలు. ఒక్కటీ తను కల్పించింది కాదు. కాపురానికి వచ్చిన మొదటి ఏడాది ఇలాంటి ఒక బల్ల దగ్గర, ఈ పిల్లలాగే నిలబడి తను విన్నవే. ఇన్నేళ్లూ మరిచిపోయాననుకుంది గానీ ఒక్క అక్షరం కూడా పోలేదు, అన్నీ పదునుగానే ఉన్నాయి. వాటిని ఇప్పుడు కన్నకూతురి మీదికి విసురుతుంటే, ఇంత తేలికా ఈ పని అని తనకే భయం వేసింది. అత్తగారి చెంచా గిన్నెలోనే ఆగిపోయింది. అవి ఎవరి మాటలో ఆవిడకి గుర్తొచ్చినట్టుంది, తలెత్తలేదు. "నీకేమైనా పిచ్చి పట్టిందా?" అన్నాడు భర్త.

బుధవారం ఊడ్చిన గదిని మళ్లీ ఊడ్పించింది. "దుమ్ముని ఈ మూల నుంచి ఆ మూలకి పంపడాన్ని ఊడ్చడం అనరు" అంది. మడతపెట్టిన చొక్కాలన్నీ లాగి మంచం మీద పడేసింది. పిల్ల తెచ్చిన టీ ఒక గుక్క తాగి, కిటికీలోంచి పారబోసింది. పిల్ల పెదవి వణికినప్పుడల్లా దుప్పటి కింద తన తొడని తను గిల్లుకుంది. ఒక్కసారి దగ్గరికి తీసుకుంటే చాలు, ఈ పిల్ల ఈ ఇంట్లోంచి ఎప్పటికీ కదలదు. రోజంతా తీసుకోలేదు.

గురువారం సాయంత్రం మేడ మీద తలుపు ధడాలుమంది. తర్వాత అటక మీంచి పెట్టె దించిన చప్పుడు.

"వెళ్తున్నా" అంది పెద్దది గుమ్మంలో నిలబడి, కళ్లు ఉబ్బిపోయి. "నీ కోసమే సీటు వదులుకున్నా. నీకు మాత్రం నేనంటే అసహ్యం."

"అవును" అంది ఆమె. పద్దెనిమిదేళ్ల సంసారంలో ఆమె ఆడిన అబద్ధాల్లో ఇంత బరువైనది ఇంకోటి లేదు.

శుక్రవారం పొద్దున, బయల్దేరేముందు, భర్త గుమ్మం దాకా వచ్చాడు. "మరి రేపట్నుంచి ఇంట్లో..." అని నసిగాడు. "నాకింకా ఐదు వారాలు రెస్టుంది" అంది ఆమె, చెప్పులేసుకుంటూ. అతను వంటింటి వైపు చూసి, తల్లి వైపు చూసి, కొడుకు వైపు చూశాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

బస్టాండులో పెద్దది పెట్టెని తనే ఎక్కించుకుంది. తల్లి చెయ్యి వెయ్యబోతే విదిలించింది. కిటికీ పక్క సీట్లో కూర్చుని ఎదుటి సీటునే చూస్తూ ఉంది. కాలిన చోట అంటించిన పట్టీ ఆ కిటికీలోంచి కనిపిస్తోంది. ఆ పిల్ల ఎప్పటికైనా క్షమిస్తుందో లేదో ఆమెకి తెలియదు. క్షమించకపోవచ్చు. అయినా నోరు తెరవలేదు. ఇంజను మొదలయ్యాక పెద్దది ఒక్కసారిగా కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"వింటున్నావా? ఇంక జన్మలో నీకు వండిపెట్టను! నీకే కాదు, ఎవరు మంచంలో ఉన్నా సరే, నా చదువు మానుకుని ఎవరికీ వండిపెట్టను!"

బస్సు కదిలింది. ఆమె పొట్ట పట్టుకుని, స్తంభానికి ఆనుకుని, అది మలుపు తిరిగేదాకా చూసింది. ఇక వినిపించదని నమ్మకం కుదిరాక పైకే అంది.

"ఆ మాట మీదే ఉండు తల్లీ."