సంతకం లేని ఒప్పందం

ఎల్సీ కాచి ఇచ్చిన టీ తాగుతూనే ఆ కుర్రాడు ఎల్సీ ఇంటి మీటరు ఊడబీకాడు. నేను కళ్లారా చూశాను. కప్పు మెట్టు మీద పెట్టి స్క్రూలు విప్పాడు, కప్పెత్తి ఓ గుక్క తాగాడు, పాత మీటరు సంచీలో పడేసుకున్నాడు. దాని చోట తాళంచెవి మీటరు బిగించాడు. దుకాణానికెళ్లి ఆ తాళంచెవిలో డబ్బు వేయించుకొస్తేనే ఇంట్లో కరెంటు. అయిపోతే చీకటి.

పనిమీద వచ్చినవాడికి టీ ఇవ్వకుండా పంపడమంటే ఇంగ్లండులో మా డరమ్ బొగ్గుగనుల ఊళ్లలో చెప్పు చూపించినంత పని. బాకీ వసూలుకొచ్చినవాడికి కూడా మా అమ్మలు ముందు టీ ఇచ్చి, ఆ తర్వాతే తిట్టేవాళ్లు. కరెంటు కంపెనీ ఆ మర్యాదను కూడా వదల్లేదు. తలుపు తీశారు, టీ ఇచ్చారు, కాబట్టి ఇంటివాళ్లు ఒప్పుకున్నట్టే అని ఆ కుర్రాడు, క్రెగ్, తన ఫోనులో నొక్కేశాడు. కోర్టు వారంటు తెచ్చుకునే శ్రమ కూడా తప్పింది వాళ్లకి.

“సిగ్గు లేదురా క్రెగ్? మీ తాత బతికుంటే నీ చెవులు మెలేసేవాడు,” అన్నాను.

“నన్నంటే ఏం లాభం విన్నీ ఆంటీ? నేను కాకపోతే ఇంకొకడొస్తాడు.”

“ఎనభైనాలుగులో గని సమ్మెని విరగ్గొట్టి పోలీసు కాపలాతో బస్సెక్కి గనిలోకి పోయినవాళ్లూ ఇదే అన్నారు. వాళ్లు చస్తే శవం చూడ్డానికి కూడా మీ తాత పోలేదు, తెలుసా?”

వాడు తల వంచుకున్నాడు. చేతులు మాత్రం ఆగలేదు.

“పోనీలే విన్నీ,” అంది ఎల్సీ. “పిల్లాడు చలికి వణుకుతున్నాడు. ఇంకో కప్పు పొయ్యనా నాయనా?”

లోపలి గదిలో ఆమె మొగుడు కత్‌బర్ట్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముక్కులో గొట్టం, పక్కన ఆక్సిజన్ మిషను. ఇరవయ్యేళ్లపాటు భూమి కింద పీల్చిన బొగ్గుపొడి ఆయన ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయింది. ఇప్పుడా మిషను గుర్రుమంటున్నంతసేపే ఆయన బతుకు. అది రాత్రీ పగలూ కరెంటు తింటుంది.

అసలు మేమెవరమూ ఈ కంపెనీతో ఒప్పందం చేసుకోలేదు. మా వీధంతా ఒక చిన్న కంపెనీ దగ్గర స్థిరమైన రేటుకి సంతకాలు పెట్టాం. అది దివాలా తీసింది. తెల్లారేసరికి మమ్మల్నందరినీ, సంతలో గొర్రెల్ని మార్చినట్టు, ఈ పెద్ద కంపెనీకి మార్చేశారు. పాత రేటు పోయింది, ఇకమీదట రేటు మారుతూ ఉంటుంది అని ఉత్తరమొచ్చింది. మారడమంటే పైకే. సంతకం అక్కర్లేదట, కరెంటు వాడుతున్నాం కాబట్టి ఒప్పుకున్నట్టేనట. నచ్చకపోతే వేరే కంపెనీకి పోవచ్చు, కాకపోతే ముందు బాకీ తీర్చాలి. ఆ బాకీ పడింది వాళ్ల రేటు వల్లే. గొంతు మీద కాలేసి తొక్కుతూ, ఇష్టం లేకపోతే లేచి పోవచ్చుగా అన్నట్టు.

పాత కంపెనీ దగ్గర కత్‌బర్ట్ పేరు రోగుల జాబితాలో ఉండేది. అలాంటి ఇంటికి తాళంచెవి మీటరు పెట్టకూడదు. కొత్త కంపెనీకి ఆయన బిల్లు బదిలీ అయింది, జబ్బు బదిలీ కాలేదు.

ఆ సాయంత్రమే గనికార్మికుల క్లబ్బులో మీటింగు పెట్టాం. గని మూసి ముప్పయ్యేళ్లు దాటినా క్లబ్బు మిగిలింది. బల్లలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. కౌన్సిలర్ ప్రౌడ్‌లాక్ కోటు విప్పకుండానే మాట్లాడాడు.

“మీ కోపం నాకర్థమైంది. కానీ చట్టప్రకారం కంపెనీ నోటీసిచ్చింది. అభ్యంతరముంటే ఫిర్యాదు చేసుకునే పద్ధతొకటి ఉంది...”

“పద్ధతి నీ దగ్గర పెట్టుకో!” అని అరిచాడు జాస్. ఎల్సీ ఇంటికి రెండిళ్ల అవతల ఉంటాడు, సమ్మెలో తల పగిలిన మనిషి. “గని మూసినప్పుడూ పద్ధతే అన్నారు. పద్ధతి ప్రకారమే మా గొంతు కోశారు.”

“చట్టం మీరితే నేను మీ వెంట ఉండలేను జాస్.”

“ఎప్పుడున్నావయ్యా బాబూ, ఇప్పుడు మానెయ్యడానికి?”

హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో ప్రౌడ్‌లాక్ టోపీ తీసుకుని జారుకున్నాడు. అతను పోయాకే అసలు మీటింగు మొదలైంది. ఇకమీదట కంపెనీ వాను కనబడగానే ఈల వెయ్యాలి అనుకున్నాం. ఈల వినబడగానే అందరూ ఆ గుమ్మం ముందు నిలబడాలి. ఎవరూ తలుపు తియ్యకూడదు, ఎవరూ టీ ఇవ్వకూడదు.

ఆ చివరి మాటకి ఎల్సీ లేచింది. “ఇదేం రోగం? ఇంటికొచ్చినవాడికి చుక్క టీ ఇవ్వకపోతే మనం మనుషులమెట్లా అవుతాం?”

“నీ మంచితనాన్నే వాళ్లు సంతకంగా వాడుకున్నారు ఎల్సీ,” అన్నాడు జాస్. మెల్లగానే అన్నాడు. ఆమె మొహం పాలిపోయింది. మళ్లీ కూర్చుంది.

సమ్మె రోజుల్లోలాగే చందాలకి టోపీ తిప్పాం. ఉన్నవాడూ లేనివాడూ వేశారు. శుక్రవారం ఆ డబ్బంతా ఎల్సీ తాళంచెవిలో వేయించి మీటరులో పెట్టాం. కత్‌బర్ట్‌కి ఇంక గండం గడిచిందనుకున్నాం.

ఆ పూటే మిగతా ఇళ్ల మీటర్లు మార్చడానికి రెండు వాన్లొచ్చాయి. ఈలలు మోగాయి. ఆడవాళ్లు ఏప్రాన్లతోనే గుమ్మాలకి అడ్డం పడ్డారు. వాన్లు వెనక్కి తిరిగాయి. మేం గెలిచామనుకుని క్లబ్బులో పాటలు పాడాం.

మా తెలివితక్కువతనం ఏమిటో ఇప్పుడు చెప్తాను. టోపీ తిప్పితే మనిషి బతుకుతాడని మా తరాల నమ్మకం. టోపీ డబ్బు మనిషి చేతికి పోతే బతికేవాడేమో. అది మీటరు నోట్లో పడింది. మీటరు ముందు పాత బాకీ మింగింది. కత్‌బర్ట్‌కి ఏమీ మిగల్చలేదు. శని, ఆదివారాల్లో మాత్రం కరెంటు పోలేదు. అది చూసి మా డబ్బే వెలుగుతోందని మురిసిపోయాం. అసలు సంగతి వేరు. సెలవు రోజుల్లో కరెంటు కొయ్యకూడదని కంపెనీకి నియమముంది. దయగల కంపెనీ. సోమవారం పొద్దున పది గంటలదాకా ఆగి, అప్పుడు కోస్తుంది.

ఆ సోమవారం నేనక్కడే ఉన్నాను. కత్‌బర్ట్‌తో ఫుట్‌బాల్ గురించి మాట్లాడుతున్నాను. మా జట్టు మళ్లీ ఓడిపోయిందని, వాళ్లకంటే తన మేనత్త బాగా ఆడుతుందని ఆయన తిడుతున్నాడు. మిషను ఆగిపోయింది.

అత్యవసరానికి ఉంచిన సిలిండరు అంతకుముందు వారం గాలివానలో కరెంటు పోయినప్పుడే ఖాళీ అయింది. కొత్తది బుధవారం తెస్తామన్నారు. ఎల్సీ చెప్పుల్లేకుండానే మంచులో దుకాణానికి పరుగెత్తింది. నేను అంబులెన్సుకి ఫోను చేశాను. కంపెనీకి చేశాను. సంగీతం వినిపించారు. మీ ఫోను మాకెంతో విలువైనది అన్నారు.

“ఎల్సీ ఏది?” అన్నాడు కత్‌బర్ట్. పెదాలు నీలంగా మారాయి.

“వస్తోంది. కాస్త ఓపిక పట్టు.”

ఎల్సీ వచ్చింది. తాళంచెవి మీటరులో పెట్టింది. తెరమీద అంకె కదిలింది, కానీ ఇంకా బాకీలోనే ఉంది. సంచీ అడుగున ఉన్నదంతా దుకాణంలో వేయించుకొచ్చింది, అదీ మీటరు మింగేసింది. తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ తీసి మళ్లీ పెట్టింది. ఆ మీటరుని రెండు చేతులతో బాదింది. నేను కిటికీ తెరిచి జాస్‌ని కేకేశాను. జాస్ తన ఇంట్లోంచి పొడుగాటి వైరు లాక్కుని పెరటిగోడలు దూకి వచ్చాడు. మిషనుకి తగిలించాడు. మిషను మళ్లీ గుర్రుమంది. కత్‌బర్ట్‌కి దానితో పని అయిపోయింది.

నాకు ఆ రోజు ఏడుపు రాలేదు. ఇప్పుడు కూడా రాదు. కోపం వస్తుంది, అది చాలు.

గనికార్మికుడు పోతే సంఘం జెండాకి నల్లగుడ్డ కట్టి, వీధి వీధంతా శవపెట్టె వెనక నడవడం మా ఆచారం. ఇంట్లో పిల్లి కూడా మిగలదంటారు. ఆ సంగతి కంపెనీకి ఎవరో చెప్పారు. మేం పెట్టె భుజానికెత్తుకుని వీధి మొదటికి వచ్చేసరికి మూడు వాన్లు మా పక్కనుంచి లోపలికి దూరాయి. తాళాలు బద్దలుకొట్టేవాళ్లు, వారంట్లు, వెనకే వచ్చి వీధి బయట ఆగిన పోలీసు కారు. ఖాళీ ఇళ్లు, కాపలా లేని గుమ్మాలు. ఒక వాను నడుపుతున్నది క్రెగ్. మమ్మల్ని చూసి అద్దం పైకెత్తుకున్నాడు.

“దించండి,” అంది ఎల్సీ.

మోస్తున్నవాళ్లు ఆగారు.

“దించమంటున్నానా! ఇక్కడే. రోడ్డుకి అడ్డంగా.”

మా వీధికి ఒకటే దారి. ఎవరో వంటింటి కుర్చీలు రెండు తెచ్చారు. వాటి మీద కత్‌బర్ట్‌ని దించాం. లోపలికెళ్లిన వాన్లు లోపలే ఉండిపోయాయి. సగంమంది వెనక్కి పరుగెత్తి గుమ్మాల ముందు కూర్చున్నారు. మిగతావాళ్లం పెట్టె చుట్టూ నిలబడ్డాం.

పోలీసు ఇన్‌స్పెక్టరు ఎల్సీ దగ్గరికి వచ్చి టోపీ తీశాడు. మర్యాదస్తుడే.

“మిసెస్ రెన్‌విక్, మీ బాధ నాకు తెలుసు. కానీ దారికి అడ్డం పెట్టడం నేరం. మీరు ఒప్పుకుంటే గౌరవంగా పక్కకి జరిపిస్తాం.”

ఎల్సీ ఆయన మొహంలోకి చూసింది.

“నువ్వు నయం నాయనా, అడుగుతున్నావు. వాళ్లు అడగలేదు. రేటు పెంచినప్పుడు అడగలేదు, మీటరు మార్చినప్పుడు అడగలేదు. నేను నోరు మూసుకుని ఉంటే ఒప్పుకున్నట్టు రాసుకున్నారు. ఇప్పుడు నోరు తెరిచి చెప్తున్నా. ఒప్పుకోను. రాసుకో.”

“అయితే మిమ్మల్ని అరెస్టు చెయ్యాల్సొస్తుందమ్మా.”

“చెయ్యి.”

మొగుడి శవపేటిక పక్కనుంచి, నల్లకోటు వేసుకున్న డెబ్భై ఎనిమిదేళ్ల ముసలిదాన్ని పోలీసులిద్దరు చెరో చెయ్యి పట్టుకుని నడిపించారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. కారెక్కేముందు పెట్టె మీద చెయ్యి వేసింది, అంతే.

“ఇక మీరైనా ఎత్తండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు మాతో. “ప్రార్థనామందిరంలో ఎదురుచూస్తున్నారు.”

“పెళ్లాం లేకుండా మొగుణ్ణి పాతిపెట్టే ఆచారం మాకు లేదు,” అన్నాడు జాస్. “ఆమెని తెచ్చి ఇక్కడ నిలబెట్టు. అప్పుడు ఎత్తుతాం.”

పాదిరిగారు వాచీ చూసుకున్నారు. మా మొహాలు చూశారు. తర్వాత వాచీ చెయ్యి జేబులో పెట్టుకుని కాలిబాట అంచున కూర్చున్నారు. మంచు మొదలైంది. ఎవరూ కదల్లేదు.

మూడు గంటలకి పక్క ఊరి గనికార్మికులు తమ జెండా మడిచి చంకన పెట్టుకుని బస్సు దిగారు. వెంటనే ఇంకో బస్సు. డరమ్ పట్నం నుంచి విద్యార్థులొచ్చారు, ఆసుపత్రి ఊడ్చే ఆడవాళ్లు పనిబట్టలతోనే వచ్చారు. వాళ్ల ఇళ్లకీ అవే ఉత్తరాలొచ్చాయట. రోడ్డు పట్టక పొలంలో నిలబడ్డారు. వాన్లలో ఉన్నవాళ్లు ఇంజన్లు ఆపేశారు. ఇన్‌స్పెక్టరు మాటిమాటికీ ఎవరికో ఫోను చేస్తున్నాడు.

కత్‌బర్ట్ ఇంకా రోడ్డు మీదే ఉన్నాడు. మేమూ ఉన్నాం.