బటన్ అసలు ఎత్తు

చచ్చినవాడి కళ్లు చారెడు. బటన్ పోయి నెల తిరక్కుండానే టెక్సస్‌లోని ఆ పొట్టి గుర్రాల సంఘంవాళ్లకి వాడి కళ్లు, జూలు, నడక అన్నీ చారెడై కూర్చున్నాయి. ఆరుసార్లు జాతీయ ఛాంపియన్ అయిన మగ గుర్రం మరి! బతికున్నన్నాళ్లూ "మెడ పొట్టి, పొగరు పొడుగు" అని మూతి విరిచినవాళ్లే ఇప్పుడు రుమాళ్లు తడుపుకుంటున్నారు. సంత మైదానం గేటు దగ్గర నిలువెత్తు కంచు విగ్రహం పెట్టాలని తీర్మానం కూడా చేసేశారు.

"అచ్చం వాడిలాగే ఉండాలి వర్నా," అన్నాడు సంఘం అధ్యక్షుడు రాయిస్ హాల్డెమన్. ఆ ఆరుసార్లూ బటన్ వెనకాలే రెండో బహుమతి పుచ్చుకున్న గుర్రం ఇతగాడిదే. "సరిగ్గా ముప్పై నాలుగంగుళాలు. కాగితాల్లో ఉన్నట్టు."

బటన్‌ని పెంచిన వర్నా డెల్ స్టకీకి గొంతులో వెలక్కాయ పడింది.

ముప్పై నాలుగు దాటితే వాళ్ల లెక్కలో అది పొట్టి గుర్రమే కాదు. కొలిచేది తల దగ్గర కాదు, జూలు ముగిసేచోట, ఆఖరి వెంట్రుక కింద. అక్కడ బటన్ అసలు ఎత్తు ముప్పై అయిదు. ఆ ఒక్క అంగుళం కోసం రెండేళ్ల వయసులోనే ఆమె వాడికో విద్య నేర్పింది. కొలబద్ద రాగానే వీపు మీద చిటికెన వేలు ఆన్చితే చాలు, ముందుకాళ్లు ఎడంగా జరిపి, ఊపిరి వదిలి, కిందికి కుంగిపోయేవాడు. బదులుగా ఒక పిప్పరమెంటు బిళ్ల. వెర్రినాగన్న, దానికే మురిసిపోయేవాడు. ముసలితనంలో కీళ్లు పట్టేసి నిలబడలేని రోజుల్లో కూడా, దుమ్ము దులుపుదామని ఆమె చెయ్యి వేస్తే పాపం కుంగబోయేవాడు. అది తలుచుకుంటే వర్నాకి ఇప్పటికీ ముద్ద దిగదు.

అందుకే ఆ సాయంత్రమే శిల్పికి ఫోన్ చేసింది. "ముప్పై అయిదు పెట్టు నాయనా."

"కాగితాల్లో ముప్పై నాలుగని ఉందమ్మా."

"నువ్వు చేసేది కాగితానికి విగ్రహం కాదుగా!"

బయటపడితే ఏమవుతుందో ఆమెకి తెలియకపోలేదు. బహుమతులు పోతాయి, వాడి పిల్లలకీ మనవలకీ ఉన్న వంశపత్రాలు చిత్తుకాగితాలవుతాయి. పోతే పోనీ, ఒక్కసారైనా వాడు తన ఎత్తులో తాను నిలబడాలి అనుకుంది.

మే నెలలో ఆవిష్కరణ. పాస్టరుగారు ప్రార్థన చేశారు, రాయిస్ నలభై నిమిషాలు ఏడ్చాడు, తర్వాత గుడ్డ లాగాడు. అంగుళం ఎక్కువుందని అందరికీ తెలిసిపోయింది. పావంగుళం తేడాని వంద గజాల నుంచి పసిగట్టే కళ్లు అందరివీ. ఏ గుర్రాన్నైనా కొలవకుండా లోపలికి రానివ్వకూడదన్నది సంఘం ఆచారం కనక, పాపం రాయిస్ కొలబద్ద తెచ్చుకున్నాడు. పెట్టాడు. చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ముప్పై నాలుగు!"

చప్పట్లే చప్పట్లు.

"సరిగ్గా చదువు రాయిస్," అంది వర్నా. "ముప్పై అయిదు. వాడెప్పుడూ ముప్పై అయిదే. నేనే వాణ్ణి కుంగదీశాను."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఒక్కొక్కరూ టోపీలు సర్దుకున్నారు. తన గుర్రానికి ఏదో ఒక విద్య నేర్పనివాడు ఆ గుంపులో ఒక్కడుంటే ఒట్టు!

"ఎండకి కంచు సాగుతుంది," అన్నాడు రాయిస్.

"అవునవును," అంది కార్యదర్శి లోరెటా. "మే నెల కదా!"

"ఎండకి అంగుళం సాగుతుందా?"

"టెక్సస్ ఎండ తల్లీ, మాటలా!" రాయిస్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇవాళ నీ గుర్రాన్ని కొలిస్తే రేపు నా గుర్రాన్ని కొలుస్తారు. నీకు పుణ్యముంటుంది, నోరు మూసుకో."

అరగంటలో తోపుడుబండి నిండా తెల్ల కంకర వచ్చింది. అందం కోసమట! గిట్టలు మునిగేదాకా నాలుగు కాళ్ల చుట్టూ పోసి చదును చేశారు. మళ్లీ కొలబద్ద పెడితే లక్షణంగా ముప్పై నాలుగు. "చూశావా, సాయంత్రం చల్లబడేసరికి సర్దుకుంది!" అని అందరూ ఊపిరి పీల్చుకుని బంగాళదుంపల సలాడ్ మీద పడ్డారు.

వర్నా మోకాళ్లు పట్టుకుని మెల్లగా కింద కూలబడింది. రెండు చేతులతో కంకర తోడసాగింది.

"ఏయ్ వర్నా, ఏంటా పని!" రాయిస్ పళ్లెంతోనే పరిగెత్తుకొచ్చాడు. "పేపరుకి ఫోటో ఇంకా తియ్యలేదు!"

"తీస్తే ఇలాగే తియ్యండి. వాడి కాళ్లు కూడా పడాలి." ఆమె బావురుమంది. "ఇరవై ఏళ్లు నా కోసం కుంగాడు రాయిస్. నొప్పెడుతున్నా కుంగాడు. మీ కోసం కూడా కుంగమంటే ఎలా?"

ఎవరూ కెమెరా ఎత్తలేదు. మూడు గిట్టలు బయటపడ్డాయి, ఆమె ఏడుస్తూనే నాలుగోదాని దగ్గరికి జరిగింది.