నమ్మకండి, ఫార్వర్డ్ చేయకండి

రామ్మోహనరావు అనే మనిషిని ఆ రోజు చంపేద్దామనే బయల్దేరాను. ఉత్త మాట కాదు, అంత ఒళ్ళు మండింది.

మా అమ్మను అమీర్‌పేట చౌరస్తాలో బైకు గుద్దింది. పంజాగుట్టలోని ఆసుపత్రిలో ఆపరేషన్‌కి ఓ నెగటివ్ రక్తం రెండు యూనిట్లు కావాలన్నారు. వాళ్ళ దగ్గర నిల్వ లేదు, సాయంత్రంలోగా మమ్మల్నే చూసుకోమన్నారు. నేనుండే హాస్టల్ ఓనరు మంజూషక్క ఆ మాట నా నంబరుతో సహా మధురానగర్ కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. నిమిషం తిరక్కుండా దాని కింద ఈ మహానుభావుడి తీర్పు: "అబద్ధం. నమ్మకండి, ఫార్వర్డ్ చేయకండి." ఆ కింద వరసగా దండాలు, బొటనవేళ్ళు. రక్తమివ్వడానికి వస్తానని నాకు ఫోన్ చేసిన కుర్రాడు కూడా అది చూసి ఆగిపోయాడు.

"గా సార్ ప్రతిదానికీ గట్లనే పెడతడు," అంది మంజూషక్క. "ఆయనది సుత ఓ నెగటివే. అప్పట్ల మా తమ్మునికి ఇచ్చిండు."

ఆ రక్తమే ఒంట్లో పెట్టుకుని అబద్ధమంటాడా! హాస్టల్ పక్కనే ఆయనుండే అపార్ట్‌మెంట్‌కి పరిగెత్తాను. తలుపు తీయగానే అడిగేశాను.

"మా అమ్మ అబద్ధమా అండీ?"

"ముందు గొంతు తగ్గించమ్మా," అన్నాడు రామ్మోహనరావు. "రోజుకెన్ని వస్తాయో తెలుసా నీకు? తుఫానంటారు, చినుకు పడదు. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారంటారు, ఎవడూ రాడు. రక్తం, రక్తం అంటే మాసబ్ ట్యాంక్ దాకా వెళ్ళాను. ఆ పేషెంటు పోయి ఏడాదైందట! వాళ్ళబ్బాయి నామీదే అరిచాడు. నేనేం పిచ్చోణ్ణా?"

"నంబరుంది కదా. ఒక్కసారి ఫోన్ చేసి అడగడానికి ఏం రోగం?"

ఆయన మొహం మాడిపోయింది. లోపల్నుంచి భార్య వసుమతి "ఎవరండీ?" అంది. "ఎవరో లే" అంటూ చెప్పులేసుకున్నాడు. ఆటోలో దారంతా "అబద్ధమైతే పోలీసు కేసు పెడతా" అని సణుగుతూనే ఉన్నాడు. నేను "పెట్టుకోండి" అంటూనే ఉన్నాను.

రక్తమిచ్చాడు. ఇచ్చి బయటికొస్తుంటే అమ్మను స్ట్రెచర్ మీద స్కానింగ్‌కి తీసుకెళ్తున్నారు. ఆమెను చూసి గోడవైపు జరిగి దారిచ్చాడు. ఫోన్ తీసి గ్రూపులో రాశాడు: "ఇది నిజం. నేనే ఇచ్చాను. ఇంకొక్కరు కావాలి, వెంటనే రండి."

ఇద్దరం ఫోన్‌కేసి చూస్తూ కూర్చున్నాం. మొదటి జవాబు వసుమతి గారిదే: "మా వారి ఫోన్ ఎవరో హ్యాక్ చేశారు. ఆయన చచ్చినా ఇలాంటివి పెట్టరు. ఎవరూ నమ్మకండి." కింద మళ్ళీ దండాలు, బొటనవేళ్ళు.

ఇంటికి ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు. దొంగలే చేస్తున్నారనుకుని ఉంటుంది.

విసురుగా లేచి నర్సు దగ్గరికెళ్ళి రెండో చెయ్యి చాపాడు. "ఆ ఇంకోటి కూడా నాదే తీసుకోండమ్మా."

"గట్ల తీయరు సార్. ఒక మనిషికి ఒక్కటే."

"నాకేం కాదు, తీయండి!" నర్సు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది. ఆయన చెయ్యి అలాగే చాచి నిలబడ్డాడు. నాకు మాత్రం ఇసుమంత జాలి కూడా కలగలేదు.

"నడవండి," అన్నాను. "ఇంకా పొద్దుంది. కాలనీలో ప్రతి తలుపూ మీరే కొట్టాలి."