నీలివార్త

గుడ్డ నీలిమందు బానలోంచి పచ్చగా వస్తుంది. గాలి తగిలాకే నీలం.

ఆ వారం గాలి తగిలినా నీలం కాలేదు. బూడిద రంగులో వేలాడింది.

బాన చెడింది.

నురగ లేదు. పైన రాగిరంగు మీగడ లేదు. అద్దకం పనామె సున్నం వేసింది, బెల్లం నీళ్లు పోసింది, గోనె కప్పింది. ఉలకదు, పలకదు. బాన చెడితే ఆ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

"అబద్ధం వదలవే," అంది అత్త, మంచం మీంచి.

అద్దకం వాళ్ల పద్ధతి అది. బాన చెడితే వీధిలోకి ఓ కట్టుకథ వదలాలి. అది నోళ్లలో నానేకొద్దీ బానలో నీలి పులుస్తుంది. నీలివార్త అనే మాట అలా పుట్టిందని అత్త చెబుతుంది. వీధికి ఆ మాట తెలుసు. దాని వెనకున్న బాన సంగతి తెలియదు.

"కాకి తెల్లగుడ్డు పెట్టిందను. బావిలో చేప పాడిందను. మనిషి మీద పడితే మాత్రం అది నింద. జాగ్రత్త."

కుళాయి దగ్గర ఆమె నోరు తెరిచింది.

కాకి గుర్తు రాలేదు. గోడ అవతల, తనను అక్కా అని పిలిచే దర్జీ అమ్మాయి కుట్టుమిషన్ గుర్తొచ్చింది. తన బాన చచ్చిపడి ఉంటే... ఆ మిషన్ ఆగదు.

"దర్జీ చెల్లెలు ప్రతి గుడ్డలో మూర మిగుల్చుకుంటోందట."

ట. ఆ ఒక్క అక్షరం చాటున నక్కింది.

సాయంత్రానికి మూర గజమైంది. మర్నాటికి ఏకంగా ఒక తాను.

బాన పలికింది.

నురగ లేచింది. రాగి మీగడ కట్టింది.

"చూశావా! ఇంతకీ ఏం వదిలావే?"

"కాకి... తెల్లగుడ్డు."

అది రెండో అబద్ధం. మొదటిదానికన్నా సులువుగా వచ్చింది.

గోడ అవతల చప్పుడు పలచబడింది. తర్వాత ఆగింది.

ఓ మధ్యాహ్నం దర్జీ చెల్లెలు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఇచ్చిన గుడ్డలు కూడా వెనక్కి పట్టుకెళ్తున్నారే. నా ముందే కొలుచుకుని మరీ. నిప్పు లేనిదే పొగ రాదట! ఇప్పుడు నా దగ్గరున్నది నీ జాకెట్టు గుడ్డొక్కటే. ఎవరన్నారో... నీ చెవిన పడిందా?"

అద్దకం పనామె బానలోకి వంగింది. మోచేతుల దాకా ముంచింది. అవసరం లేకపోయినా ముంచింది.

నేనే — పళ్ల దాకా వచ్చింది.

"చెప్పక్కా. నువ్వు నా దగ్గర దాయవుగా."

గుడ్డ పైకి తీసింది. నీళ్లు కారుతున్నాయి. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు.

పచ్చగా ఉంది. అంచున అప్పుడే నీలంలోకి తిరుగుతోంది...