నాలుగింటికి లేచే కంప్యూటర్

"మూడు ఫ్యాన్లా? ఇరవై ఏళ్లుగా హాస్యం రాస్తున్నాను, నాకే అంతమంది ఫ్యాన్లు లేరు. దీనికెందుకయ్యా?"

షాపాయన నవ్వలేదు. కంప్యూటర్లు విప్పి బిగించడంలో హస్తవాసి చూసి వీధంతా ఆయన్ని సర్జన్ అంటుంది. "లేకపోతే వేడెక్కిపోతుంది సార్. అమ్మాయిగారు గంటలకొద్దీ బొమ్మలు తిప్పుతారు కదా," అన్నాడు.

మా అమ్మాయి కంప్యూటర్లో భవనాల నమూనాలు గీస్తుంది. సోమవారం నుంచి ఒక కంపెనీవాళ్లు నెల్లాళ్లు పనిచ్చి చూస్తారు. నచ్చితే ఉద్యోగం. ఇంటి నుంచే పని, కంప్యూటర్ మాత్రం మనదే ఉండాలి. ఇంట్లో ఉన్న పాతదాంట్లో మేడమెట్లు గీసేసరికే తెర కొయ్యబారిపోతోంది.

అందుకని నలభై వేలు జేబులో పెట్టుకుని సర్జన్ బల్ల ముందు కూర్చున్నాం. ప్రాసెసర్‌కి ఆరు కోర్లు కావాలన్నాడు. "కోరికలు ఆరు, జేబొకటి," అన్నాను. పైన తొడిగే పెట్టెని క్యాబినెట్ అంటే, మంత్రులెవరూ లేని చవకది చూపించమన్నాను. రంగుదీపాలు తీయించాను. ర్యామ్ ఇప్పటికి ఒక్కటి చాలన్నాను. ఇంత కోసినా ఇంకా ఆరు వేలు తక్కువే.

"పవర్ సప్లై చవకరకం వేసెయ్."

"అక్కడ కక్కుర్తి పడితే మిగతావన్నీ ఒకేసారి కాలిపోతాయి సార్. పోనీ, గ్రాఫిక్స్ కార్డు మానేద్దామా?"

"అది లేకపోతే ఇక కొనడమెందుకు?" అంది అమ్మాయి, నేలకేసి చూస్తూ.

సర్జన్ పెన్నుతో బల్ల చివరనున్న మా పాత పెట్టెని చూపించాడు. "అది నాకిచ్చేయండి. ఆ మోడల్ మదర్‌బోర్డులు ఇప్పుడు రావట్లేదు. ఓ ప్రెస్సువాళ్లు దానికోసం కాళ్లరిగేలా తిరుగుతున్నారు. ఆరు వేలు తగ్గిస్తా."

"తల్లిని అమ్ముకోమంటావా?" అని నా జోకుకి నేనే గట్టిగా నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు.

అది మా ఆవిడది. ఫైళ్లు కాపీ చేయించుకుందామని మోసుకొచ్చాం. తను పుస్తకాలు టైపు చేసి పేజీలు కట్టేది. రోజూ నాలుగింటికి దాని ముందు కూర్చునేది. పోయి పద్నాలుగు నెలలు. పోయిన నెల్లాళ్లకి, ఒకరోజు మధ్యాహ్నం నేను పడుకుని ఉంటే పక్కగదిలో బీప్‌మంది. ఆ వెనకే ఫ్యాను గరగర. గడియారం చూస్తే నాలుగు. మర్నాడూ నాలుగే. ఇక రోజూ అంతే. నేను లేచి వెళ్లి చూడలేదు. కళ్లు మూసుకుని, ఆ గరగర మధ్య కీబోర్డు టకటక కూడా ఉందేమోనని చెవులు రిక్కించేవాణ్ని. అమ్మాయితో అనలేదు. అంటే ఆగిపోతుందేమోనని భయం.

"పాత బోర్డే ఉంచి కొత్త ప్రాసెసర్ పెట్టవయ్యా," అన్నాను.

"పట్టదు సార్, సాకెట్టే వేరు."

"అయితే కొత్త పెట్టెలో ఓ మూల ఊరికే బిగించు."

సర్జన్ నన్ను ఎగాదిగా చూశాడు. ఇక దాచలేకపోయాను. "మా ఆవిడ అందులో ఏదో అలారం పెట్టినట్టుంది. రోజూ నాలుగింటికి అదే లేస్తుంది."

ఆయన వైరు తగిలించి, ఆన్ చేసి, సెట్టింగుల్లోకి వెళ్లి వెతికాడు. "అలాంటిదేం పెట్టలేదు సార్. ఎవరైనా వేలితో నొక్కితే తప్ప ఇది లేవదు."

అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. "నేనే నాన్నా."

"ఏంటి నువ్వే?"

"రోజూ ఆన్ చేసేది. మొదటిరోజు అమ్మ ఫోటోలు చూద్దామని చేశా. ఆ సాయంత్రం నువ్వు లేచొచ్చి, నెల్లాళ్ల తర్వాత మొదటిసారి జోకేశావు. పరమ దరిద్రంగా ఉందనుకో. అయినా మానబుద్ధి కాలేదు." ముక్కు తుడుచుకుంది. "ఇక ఇచ్చేద్దాం నాన్నా."

"దొంగమొహమా," అని తల నిమిరాను. సర్జన్ వైపు తిరిగి, "తీసుకోవయ్యా. కార్డు రాసెయ్," అన్నాను.

అమ్మాయి మొహం వెలిగిపోయింది. లిస్టు మీదికి వంగి, ఏ కార్డు, ఎంత మెమరీ అని ఆయన్ని ప్రశ్నలతో చంపడం మొదలెట్టింది.

నేను పెట్టెకేసి చూస్తూ ఉండిపోయాను. పోయిన నెల ఇంటర్వ్యూకని అమ్మాయి పొరుగూరెళ్లి మూడు రోజులుంది. ఇంట్లో నేనొక్కణ్నే. తలుపు గడియ నా చేత్తోనే వేసుకున్నాను. ఆ మూడు రోజులూ నాలుగింటికి బీప్ వినిపించింది.

చెబితే పెట్టెను వెనక్కి తీసుకుంటుంది. ఉద్యోగం పోయినా సరేనంటుంది. నోరు మూసుకున్నాను.

సర్జన్ వైరు పీకి, పెట్టెని పై అరలో పెట్టి చీటీ అంటించాడు. "టీ చెప్తాను, కూర్చోండి సార్. అరగంటలో బిగించేస్తా."

గోడ గడియారంలో నాలుగుకి ఆరు నిమిషాలు తక్కువ.

"వద్దులే, రేపొద్దున వస్తాం."

"అరగంటేగా నాన్నా!"

చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. వీధి మలుపుదాకా ఆపకుండా జోకులు చెబుతూనే ఉన్నాను, వెనకాల ఏ చప్పుడైనా సరే నాకు వినపడనంత గట్టిగా.