ఇంటాయన పంపిన మందు

ఎలుక వెల్లకిలా ఉండాలి. వీపు అరచేతిలో, దవడ కింద బొటనవేలు, తల కొంచెం వెనక్కి వాలి, ముక్కు పైకప్పుకేసి. మొగులయ్య అట్లా పట్టుకోగానే అది తన్నుకోవడం మానేసింది. ఎదురుగా కూర్చున్న పరిశోధకురాలు నిహారిక సన్నటి గొట్టంతో దాని ఎడమ ముక్కు అంచున చుక్క ఆనించింది. చుక్క కాసేపు అక్కడే వణికి, ఎలుక ఊపిరితో పాటు లోపలికి పోయింది. తర్వాత కుడివైపు.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనక ఉన్న ఆ పరిశోధనశాలలో మొగులయ్య పని పంజరాలు కడగడం, ఊక మార్చడం, ఎలుకల్ని పట్టుకోవడం. అంతకుముందు చాలా ఏళ్ళు ఓ రసాయనాల ఫ్యాక్టరీలో డ్రమ్ములు దొర్లించాడు. వాసన అక్కడే పోయింది. ఎలుకల గది వాసనకు కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. అతనికి ముక్కంటే గాలి పోయే దారి, అంతే.

ఆ దారి గురించి నిహారిక ఒకసారి చెప్పింది. మింగిన మందు మెదడు గడప దగ్గరే ఆగిపోతుందట. ముక్కు పైన, వాసన నరాలు ఉన్నచోట ఇంకో దారి ఉందట. కంటికి ఆనని బుడగల్లో మందు పెట్టి ఆ దారిన పంపుతున్నారు. "బండ్లనుకో అన్నా. మందు సామాను, ఇవి బండ్లు" అంది. మతిమరుపు రోగానికట. ఆ మాట విన్నప్పటి నుంచీ చుక్క లోపలికి పోతుంటే ఎలుకతో పాటు మొగులయ్యకూ ఊపిరి ఆగుతోంది.

చుక్కలు పడ్డ ఎలుకలు మారుతున్నాయి. ఈ వారం మరీను. మూత తీస్తే మూలకు పరిగెత్తేవి ఇప్పుడు ఎదురొస్తున్నాయి. అరచేతిలో గడ్డం ఆనించి ఎర్రటి కళ్ళతో చూస్తున్నాయి, తెలిసినవాణ్ణి చూసినట్టు. ఆ తర్వాత వాటినే ఒక్కొక్కటిగా పక్కగదిలోకి అందించాలి. అక్కడ మెదడు కోసి, బుడగలు ఎంత దూరం పోయాయో నీలం దీపం కింద చూస్తారు. గాజుపలక మీద మెదడు ముక్క పచ్చగా వెలుగుతుంది. ఆ పచ్చటి వెలుగులో ఎక్కడో తన మొఖం ఉండి ఉంటుందని మొగులయ్యకు అనిపిస్తుంది. ఆ జీవం చివరగా గుర్తుపట్టింది తననే కదా.

"కాకా, గవి నిన్ను జూసి లైన్ కడ్తున్నయ్. రేషన్ దుకాణం వెట్టినవా ఏంది?" ఊక బస్తా దించుతూ తోటి పనివాడు సునీల్‌కుమార్ అన్నాడు.

మొగులయ్య నవ్వాడు. నవ్వుతూనే ట్రేలోని ఒక చిన్న సీసాను జేబులో వేసుకున్నాడు.

మొగులయ్యది బీరంగూడలో మెట్ల కింది గది. మొదటి షిఫ్టు దిగి వచ్చి, బయటి గొళ్ళెం తీసి తలుపు తోశాడు. మంచం మీద కూర్చున్న నర్సింహమ్మ గబుక్కున లేచి కొంగు భుజం నిండా కప్పుకుంది.

"ఎవలయ్యా నువ్వు? మా ఇంటాయన డూటీకి పోయిండు. ఆయన వొచ్చినంక రాపో."

రోజూ ఇదే మాట. మొదట్లో అతను వాదించాడు, పెళ్ళి ఫోటో చూపించాడు. ఫోటోలోని కుర్రవాణ్ణి భార్య గుర్తుపట్టింది, ఇతన్ని చూసి మాత్రం ఇంకా భయపడింది. అప్పటినుంచీ వెళ్ళి మెట్టు మీద కూర్చుంటున్నాడు. లోపల ఆమె మొగులయ్య కోసం ఎదురుచూస్తుంది. ఇవతల అతనూ చూస్తుంటాడు. మొగులయ్య నిజంగానే ఇంకా డ్యూటీ నుంచి రాలేదేమోనని ఒక్కోసారి అతనికే అనుమానం వస్తుంది.

ఈ రోజు కూర్చోలేదు.

"మీ ఇంటాయనే పంపిండమ్మా. మందు ఇచ్చి రమ్మన్నడు."

"ఆయన పంపిండా?" ఆమె మొఖం విచ్చుకుంది. "బువ్వ తిన్నడా మరి?"

"తిన్నడు."

ఆయన పంపాడన్న ఒక్క మాటకు ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుంది. అతని చేతికి ఒకటే పద్ధతి తెలుసు. బొటనవేలు దానంతట అదే దవడ కిందికి పోయింది. సూది తీసేసిన సిరంజితో ఎడమ ముక్కున చుక్క ఆనించి, ఊపిరి కోసం ఆగాడు. తర్వాత కుడివైపు. ఆమె కదలలేదు. అరచేతిలో ఎలుక నిలిచిపోయినట్టే నిలిచిపోయింది. చుక్కల తర్వాత పక్కగది ఉంటుందన్న సంగతి మొగులయ్యకు అప్పుడు తట్టింది. చెయ్యి తీసేశాడు.

ఆమె లేచి కూర్చుంది. చాలాసేపు అతని మొఖంలోకి చూసింది. చూపు మెల్లగా ఛాతీ మీదికి దిగింది.

"గుండీ ఏది?"

అతను ఛాతీ తడిమి చూసుకున్నాడు. అంగీకి ఒక గుండీ ఊడిపోయి ఉంది.

"గుండీ లేకుంటనే డూటీకి పోయినవా? సూసినోళ్ళు ఏమనుకుంటరు, పెండ్లాం సచ్చిందనుకోరా? ఇప్పు జల్దీ!"

అంగీ విప్పి ఇచ్చాడు. రెండేళ్ళుగా చెంచా కూడా నిలకడగా పట్టుకోలేని చెయ్యి, అలమారలోంచి డబ్బా తీసి, సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కించింది. ఆమె గోడకు ఆనుకుని కుట్టసాగింది. అతను బనీనుతోనే ఎదురుగా నేల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

ఫోను మోగింది. ఆమెను కదిలించడం ఇష్టం లేక బయటికి వచ్చి ఎత్తాడు.

"మొగులన్నా, ట్రేల ఒక సీసా తక్కువుంది. పగిలిందా?" నిహారిక గొంతు.

"పగిలింది మేడం."

"పోనియ్, పరేషాన్ గాకు. ఈ వారమంతా ఖాళీవే పెడుతున్నం. మందు లేదు వాటిల్ల, ఉత్త రంగే. మందు లేకుంటే ఎట్లుంటదో గూడ సూడాలె గదా."

"మరి ఎలుకలు, మేడం?"

"ఎలుకలకేమైంది?"

అడగడం ఎట్లాగో తెలియక పెట్టేశాడు. సామాను లేని బండ్లు. మరి అరచేతిలో గడ్డం పెట్టి అవి చూసింది ఎవర్ని? లోపల దారం లాగుతున్న ఈమెను ఎవరు లేపారు? తలుపు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి వెళ్తే ఎవలయ్యా నువ్వు అంటుందేమోనని భయం.

ఏమీ అనలేదు. గోడకు ఆనుకుని, గడ్డం గుండెకు తగిలేలా తల వాల్చి, కుట్టును పరీక్షగా చూస్తున్నట్టు ఉంది.

"నర్సమ్మా."

దవడ కింద బొటనవేలు పెట్టి తలను కొంచెం వెనక్కి వాల్చాడు. ఊపిరి కోసం ఆగాడు. వీధిలో రాత్రి షిఫ్టు బస్సు ఆగి, మనుషుల్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. అతను ఇంకా ఆగే ఉన్నాడు.

ఒళ్ళో అంగీ ఉంది. సగం కుట్టిన గుండీ నుంచి సూది దారం చివర వేలాడుతూ, ఫ్యాను గాలికి మెల్లగా తిరుగుతోంది.