గువ్వలంక మోకు కోసినవాళ్లకు

మోకు కోసింది మీరే. గాలి కాదు, గుర్రపుడెక్క కాదు, మా కర్మ అంతకంటే కాదు. దీవుల సందర్శన కమిటీ అని చొక్కాల వెనక అచ్చు వేయించుకుని వచ్చిన మీరే.

కొల్లేరు నడుమ ఉన్న గువ్వలంకకు వంతెన లేదు. ఈ రేవు నుంచి ఆ రేవుకు కట్టిన మోకు ఉండేది. బల్లకట్టు ఎక్కినవాళ్లంతా ఆ లావుపాటి తాడు పట్టుకుని లాక్కుంటే అవతలి గట్టు వచ్చేది. ఇంజను లేదు, డీజిలు లేదు. టిక్కెట్టు కూడా లేదు గనక మీ కంటికి అది ప్రయాణంలా ఆనలేదు.

మొన్న సోమవారం పొద్దున లక్ష్మమ్మ లంక రేవులో నిలబడి ఉంది. చేపల చెరువుల్లో మేత చల్లి బతికిన మనిషి. కిడ్నీలు పోయాయి. ఆ రోజు ఏలూరు ఆస్పత్రిలో డయాలసిస్ వంతు. వేళకు చేరకపోతే మిషను దగ్గర ఇంకొకరిని పడుకోబెడతారు. అవతలి రేవులో జిలానీ ఆటో పెట్టుకుని హారను కొడుతున్నాడు.

బల్లకట్టు మీద మీరున్నారు, మీ టోపీలున్నాయి, మీ డ్రోనుంది.

"ఐదు నిమిషాలండీ అమ్మగారూ," అన్నాడు మీ నాయకుడు చరణ్‌తేజ. "ఎవరూ అడుగుపెట్టని దీవి అని చూపిస్తున్నాం. మీరు కొంచెం పక్కకు జరిగితే..."

"మరి నేనెక్కడ పుట్టానండీ బాబూ?" అంది లక్ష్మమ్మ.

మీరు నవ్వారు. తర్వాత తాడు వంక చూశారు.

"షాట్ పాడుచేస్తోందండీ ఇది. తీసేయండి."

బల్లకట్టు చూసుకునే నరసింహరాజు చేతులు జోడించాడు. "తాడు లేకపోతే ఇది ఎటు పోద్దో నాకే తెలీదండీ."

"ఫ్రీగా తేలుతున్నట్టు కావాలండీ. మీరు కూడా దిగిపోండి, ఆ లుంగీ ఫ్రేములో బాగోదు."

నరసింహరాజును దింపేశారు. ముడి విప్పబోతే ఊడలేదు. కొబ్బరి బోండాలు కొట్టుకోవడానికి తెచ్చుకున్న కత్తితో కోసేశారు. మోకు నీళ్లలోకి జారిపోయింది.

ఆపైన అంతా మీరు కోరినట్టే జరిగింది. ఫ్రీగా తేలారు. గాలి ఎంతో మర్యాదగా మిమ్మల్ని తీసుకెళ్లి నీళ్లను కప్పేసిన గుర్రపుడెక్క మధ్యలో కూర్చోబెట్టింది. ఎవరూ అడుగుపెట్టని చోటు కావాలన్నారు, దొరికింది. దొరికీ దొరకగానే "కాపాడండీ!" అని కేకలు.

రేవులో మిగిలింది ఒక్క దోనె. తక్కినవన్నీ వేటకు పోయాయి. కోడలు దేవి లక్ష్మమ్మను అందులో ఎక్కించబోతోంది. కేకలు విని లక్ష్మమ్మ కాలు వెనక్కి తీసుకుంది. మా లంకలో ఒక కట్టుబాటుంది. నీళ్ల మీద మనిషి కేకేస్తే రేవులో ఉన్న దోనె ముందు అటు పోవాలి. అందులో పెళ్లికూతురు కూర్చుని ఉన్నా దిగిపోవాలి.

"వాళ్లేం మునగట్లేదత్తా, టోపీలైనా తడవలేదు. మీ వంతు పోద్ది," అంది దేవి.

"కేకేశారు గదే. ఈత వచ్చో రాదో. ముందు వాళ్లని తీసుకురండి రాజుగారూ."

నరసింహరాజు పోయాడు. డెక్కను చీల్చుకుంటూ ఇద్దరేసి చొప్పున తెచ్చాడు. చరణ్‌తేజ డ్రోను పెట్టెకు ఒక మనిషంత చోటిచ్చాడు, అందుకోసం ఇంకో విడత తిరగాల్సొచ్చింది. పైగా మీ కార్లు అవతలి రేవులో ఉన్నాయి గనక అందరినీ అక్కడికే చేర్చాలి.

"ఏవండీ, ఆవిడకి ఆస్పత్రి టైమైపోతోంది. ఆ పెట్టె బల్లకట్టు మీదే వదిలి రాకూడదాండీ?" అని జిలానీ అడిగాడు.

"భలే థ్రిల్లింగ్‌గా ఉందండీ!" అని చరణ్‌తేజ కారెక్కాడు.

లక్ష్మమ్మ ఏలూరు చేరేసరికి ఆమె మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. గురువారం రమ్మన్నారు.

రేపే గురువారం. ఒక వంతు తప్పినందుకు ఆమె కాళ్లు స్తంభాల్లా వాచాయి. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. దోనెలో ముడుచుకుని కూర్చునే ఓపిక లేదు. కుర్చీ వేసి తీసుకెళ్లాలంటే బల్లకట్టే దిక్కు, అది ఇంకా డెక్కలోనే ఉంది. మీ వీడియో మాత్రం "దీవివాసుల ఆతిథ్యం" అని ఊరూరా తిరుగుతోంది.

మీ క్షమాపణలు మాకు అక్కర్లేదు. కొత్త మోకు కొని తెండి. డెక్కలోకి మీరే దిగి బల్లకట్టును రేవుకు లాగండి. రెండు గట్లకూ మోకు కట్టి, ఒకసారి లాగి చూపించి మరీ వెళ్లండి. ఈ సాయంత్రమే రండి. రేపు పొద్దున లక్ష్మమ్మ అవతలి గట్టున ఉండాలి.